నోటి దారిన వచ్చిన సవాయి

2017 వానాకాలం మొదట్లో మహబూబ్‌నగర్ నుంచి నల్గొండ ప్రభుత్వాసుపత్రికి బదిలీ మీద వచ్చాను. చర్మవ్యాధులు, సుఖవ్యాధుల విభాగంలో సివిల్ సర్జన్ హోదా. విభాగానికి రెండు గదులు ఉండేవి. మొదటి గదిలో గజ్జి, తామర, బొల్లి, కుష్ఠు చూసేదాన్ని. అక్కడికి జనం వరస కట్టి వచ్చేవారు. రెండో గది సుఖవ్యాధులకు. అక్కడికి మాత్రం అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్ళెవరూ లేరని నమ్మకం కుదిరాకే వచ్చేవారు. గడప దాకా వచ్చి, డాక్టరు ఆడమనిషని తెలిసి వెనక్కి తిరిగిన మగవాళ్ళను నేను కిటికీలోంచి చూశాను. అప్పటికే నా తల సగం నెరిసింది. అది కొంత మేలు చేసింది. అమ్మ వయసు మనిషి ముందు సిగ్గు ఒక పాలు తగ్గుతుందని ఒక కుర్ర రైతు నాతోనే అన్నాడు.

రెండో గదిలో పనిచేసే తీరు ఇలా ఉండేది. వచ్చిన మనిషితో ముందు కౌన్సెలర్ ఒంటరిగా మాట్లాడుతుంది. పెళ్ళయిందా, ఇతర సంబంధాలు ఉన్నాయా, పుండ్లు గానీ చీము గానీ వచ్చాయా అని అడుగుతుంది. తర్వాత నేను పరీక్ష చేస్తాను. ఆ తర్వాత రక్తం తీస్తారు. మా కౌన్సెలర్ సుజాత ఓపిక గల అమ్మాయి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆ గదిలో ఒక నియమం ఉండేది. రోగి చెప్పినది అతని అనుమతి లేకుండా భార్యకు గానీ తల్లికి గానీ చెప్పకూడదు. నియమంగా చదివితే సులువే. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు దాన్ని పాటించడం అంత సులువు కాదు.

నేను చేరిన ఏడాదే చలికాలంలో చిట్యాల అవతలి ఊరి నుంచి పద్మ అనే అమ్మాయిని మా దగ్గరికి పంపారు. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను. పెళ్ళయి రెండేళ్ళు, ఐదో నెల గర్భం, మొదటి కాన్పు. గర్భిణులందరికీ చేసినట్టే వాళ్ళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆమెకు కూడా రక్తపరీక్ష చేస్తే సిఫిలిస్ అని తేలింది. పాతకాలం వాళ్ళు సవాయి అనేది ఈ జబ్బునే. తల్లికి ఉంటే కడుపులోని బిడ్డకు పోతుంది. వైద్యం చేయకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు, లేదా జబ్బుతో పుట్టవచ్చు. పెనిసిలిన్ ఇంజెక్షన్ పడితే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ నయమవుతుంది. ఇంత స్పష్టమైన మందు ఉన్న జబ్బులు మా శాఖలో తక్కువ.

పద్మ వెంట భర్త సైదులు, అత్త లింగమ్మ వచ్చారు. వాళ్ళది గొర్ల కాపరుల కుటుంబం. మంద ఇప్పటికీ ఉంది, దాన్ని మామ చూసుకుంటాడు. సైదులు చుట్టుపక్కల ఊళ్ళ గొర్లను డీసీఎం అనే చిన్న లారీలో హైదరాబాదు మార్కెట్టుకు తోలుతాడు. భార్యాభర్తలిద్దరికీ మా ప్రయోగశాలలో మళ్ళీ పరీక్షలు చేయించాను. ఇద్దరికీ సిఫిలిస్ ఉందని రూఢి అయింది. హెచ్‌ఐవీ మాత్రం ఇద్దరికీ లేదు.

ఫలితం చెప్పాక లింగమ్మ చాలా నిదానంగా, పంచాయితీలో వాదించినట్టు వాదించింది.

"ముందుగాల దానికే దొరికింది గద మేడమ్. మావోనికి ఎనుక చూసిండ్రు. మరి ఎవలికెల్లి ఎవలికి వచ్చినట్టు?"

అంతకుముందే ఇంట్లో ఈ మాట నడిచిందని సుజాత ద్వారా తెలిసింది. వచ్చే ఆదివారం కులపెద్దలను కూర్చోబెట్టాలని అనుకున్నారు. పద్మను పుట్టింటికి తోలేయాలని లింగమ్మ పట్టు. పద్మ అన్న నల్గొండ పక్కనే పానగల్‌లో ఉంటాడు. అతనికి కూడా కబురు పోయింది. సైదులు తల్లిని కాదనలేదు. అలాగని భార్యను ఒక్క మాట కూడా అనలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు.

నేను లింగమ్మకు ఒక విషయం చెప్పాను. అది ఎవరి రహస్యమూ కాదు కనుక చెప్పవచ్చు. "ముందు దొరికితే ముందు వచ్చినట్టు కాదమ్మా. కడుపుతో ఉన్నోళ్ళందరికీ మేము ఈ పరీక్ష చేస్తం. మొగోళ్ళకు చేయం. అందుకే ఎప్పుడన్నా ముందు ఆడపిల్లకే దొరుకుతది" అన్నాను. ఆమె విన్నది. కానీ వేరే ఎవరి దగ్గరికీ పోలేదని కొడుకు తమ కులదైవం లింగమంతుల స్వామి మీద ఒట్టు పెట్టాడని, వాడు అబద్ధపు ఒట్టు పెట్టేవాడు కాదని అన్నది. ఈ రెండో మాట నిజమేనని నాకు తర్వాత తెలిసింది.

అసలు చిక్కు లింగమ్మతో రాలేదు, పద్మతో వచ్చింది. నర్సు ఇంజెక్షన్ సిద్ధం చేస్తుంటే ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుని నిలబడింది. బిడ్డ సంగతి సుజాత వివరించింది, నేనూ వివరించాను. అన్నీ విన్నాక మెల్లగా అన్నది.

"గా సూది ఏపిచ్చుకుంటె నేను తప్పు జేసిన్నని ఒప్పుకున్నట్టే గద మేడమ్. నేను ఏపిచ్చుకోను."

ఆమె వాదన వైద్యం ప్రకారం తప్పు. ఆమె ఇంట్లో మాత్రం అది తప్పు కాదు. ఈ గదిలో సూది పడిందంటే ఆదివారం పెద్దల ముందు అదే సాక్ష్యం అవుతుందని ఆమెకు తెలుసు. బలవంతంగా ఇంజెక్షన్ ఇచ్చే అధికారం నాకు లేదు. వారం ఆగుదామంటే కడుపులో బిడ్డకు ఆ వారం లెక్కే. ఇంటికి పోతే తిరిగి వస్తుందన్న నమ్మకమూ లేదు. ఆమెను, అత్తను బయట కూర్చోబెట్టి సైదులును ఒక్కడినే లోపలికి పిలిచాను.

ఇతర సంబంధాలు ఉన్నాయా అని సుజాత అతన్ని అప్పటికే అడిగింది. లేవన్నాడు. నాతోనూ అదే అన్నాడు. అబద్ధం చెప్పే మగవాళ్ళను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళు ఎక్కువ మాట్లాడతారు, లేదా కోపం తెచ్చుకుంటారు. ఇతను అవి రెండూ చేయలేదు. అతనిలో కనిపించింది భయం, దాని కింద అయోమయం. తనకు ఈ జబ్బు ఎలా వచ్చిందో అతనికి నిజంగానే తెలియదు. భార్యను అనుమానించడానికి మనసు ఒప్పుకోవడం లేదు, అనుమానించకుండా ఉండడానికి దారీ కనబడడం లేదు.

పరీక్ష చేశాను. అరచేతుల్లో, అరికాళ్ళలో రాగి రంగు మచ్చలు, మానుతూ ఉన్నాయి. గొర్లకు పోసే మందునీళ్ళు పడక చేతులు అట్లా అయ్యాయని అనుకున్నాడట. అంతకుముందు మర్మాంగం మీద పుండు ఏదైనా వచ్చిందా అని అడిగితే వచ్చిందని ఒప్పుకున్నాడు. నొప్పి లేదు, దురద లేదు. వేడి చేసిందనుకుని కొబ్బరినూనె రాశాడు. అదే మానిపోయింది. సిఫిలిస్ మనుషులను మోసం చేసేది ఇక్కడే. మొదటి పుండు నొప్పి పెట్టదు, మందు వేయకపోయినా కొన్ని వారాల్లో మానుతుంది. నూనె గొప్పదనమో, ఆకుపసరు గొప్పదనమో అనుకుంటారు. జబ్బు రక్తంలోకి పోయి, ఇంకొన్ని వారాలకు మచ్చల రూపంలో పైకి వస్తుంది. ఈ మచ్చలను బట్టి అతనికి జబ్బు అంటి ఆరు నెలలు మించలేదని నాకు అర్థమైంది.

అప్పుడు ప్రశ్న మార్చాను. చిట్యాల దాటాక బండి ఎక్కడ ఆపుతావు, అక్కడ ఎవరెవరు ఉంటారు అని మొదలుపెట్టి, చివరికి ఉన్నదున్నట్టు అడిగాను. "ఒక మనిషితోని పండుకోకున్నా సరే. ఎప్పుడన్నా, ఎవరన్నా, నీకు నోటితోని చేసిన్రా?"

అతను తలుపు మూసి ఉందా అని ఒకసారి వెనక్కి చూశాడు.

"అది లెక్కల రాదనుకున్న మేడమ్" అన్నాడు.

తర్వాత ఒక్కొక్క మాటే చెప్పాడు. హైవే పక్కన బండ్లు ఆగేచోట ఒకామె వస్తుంది. తోటి డ్రైవర్లు గదులకు పోతారు. ఇతను పోడు. "పద్మను మోసం జేసినట్టయితదని రూములకు పోకపోతుంటి. బండ్లనే ఉంటుంటి. నోట్ల ఏముంటది మేడమ్? చేసినంక కడుక్కుంటి గూడ." నాలుగైదుసార్లు జరిగిందట. లింగమంతుల స్వామి మీద ఒట్టు పెట్టినప్పుడు అతని మనసులో ఇది లేనే లేదు. అతని లెక్కలో అది సంబంధం కాదు. ఒకరకంగా సంబంధం పెట్టుకోకుండా ఉండడానికి అతను ఎంచుకున్న మార్గం అది.

అతనికి చెప్పినదాన్ని ఇక్కడ కూడా రాస్తాను. చదివేవాళ్ళలో చాలామందికి ఇదే అనుమానం ఉంటుందని నా అనుభవం. సిఫిలిస్ అంటడానికి సంభోగమే అక్కర్లేదు. పుండుకు తడి చర్మం తగిలితే చాలు. ఆ పుండు పెదవి లోపల ఉండవచ్చు, నాలుక కింద ఉండవచ్చు, గొంతులో ఉండవచ్చు. నొప్పి ఉండదు కనుక ఉన్నవాళ్ళకే తెలియకపోవచ్చు. నోటి నుంచి మర్మాంగానికి, మర్మాంగం నుంచి నోటికి, రెండు వైపులా పోతుంది. గనేరియా అనే సెగ జబ్బు కూడా గొంతులో చేరి ఏ గుర్తూ చూపకుండా ఉంటుంది. పెదవుల మీద నీటి పొక్కులుగా వచ్చే హెర్పిస్ అదే దారిన కిందికి పోతుంది. హెచ్‌ఐవీకి మాత్రం ఈ దారి బాగా ఇరుకు, పూర్తిగా మూసుకుపోయిందని చెప్పలేం. అందువల్ల ఒక జబ్బు గురించి విన్న మాటను అన్ని జబ్బులకూ పెట్టుకోకూడదు. కడుక్కోవడం, పుక్కిలించడం ఈ జబ్బులను ఆపవు. నిరోధ్ ఆపుతుంది, అది కూడా పుండు దాని కింద ఉంటేనే.

సైదులు అంతా విన్నాడు. విన్నాక మొదట అడిగింది మాత్రం వేరే. గొర్ల నుంచి వచ్చిందని వాళ్ళ అమ్మకు చెప్పమన్నాడు. నేను చెబితే ఆమె నమ్ముతుందట. ఆమె నిజంగానే నమ్మేది, నాకూ తెలుసు. కానీ ఆ అబద్ధం చెబితే మరుసటి నెల అతను మళ్ళీ అక్కడే బండి ఆపుతాడు. పద్మ ముందు ఆసుపత్రి కూడా అబద్ధమాడినట్టు అవుతుంది. అది కుదరదని చెప్పాను. నువ్వు చెప్పింది నా నోటి నుంచి ఎవరికీ పోదు, చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, కానీ ఆ పిల్ల సూది వేయించుకోవడం లేదు, ఎందుకు వేయించుకోవడం లేదో నీకు తెలుసు అన్నాను. అంతకుమించి నేను అనలేదు.

అతను లేచి బయటికి పోయాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. పద్మను పిలుచుకుని సుజాత గదిలోకి తీసుకుపోయాడు. సుజాత బయటికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. గొంతులు వినపడలేదు. ఈలోగా చర్మవ్యాధుల గదిలో వరస పెరగడంతో, ఇద్దరు గజ్జి పిల్లలను చూసి మళ్ళీ వచ్చాను.

పద్మ ఒక్కతే నా గదిలోకి వచ్చింది. ఏడ్చిన ముఖమే, కానీ మాట తడబడలేదు.

"నోటితోని వస్తదా మేడమ్? నిజమేనా? లేకుంటె పెద్దది దాసిపెట్టి నాకు సిన్నది చెప్తుండా?"

నా ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యం మీద ఒక కాపురం ఆధారపడి ఉండగా అడిగిన ప్రశ్న ఇదొక్కటే. భార్యతో మాట్లాడేందుకు అనుమతి ఉందా అని సైదులును పిలిచి అడిగి, అతను తల ఊపాక జవాబు చెప్పాను. వస్తుంది. అంతకుమించి ఏమీ చేయకపోయినా వస్తుంది. వేరే ఏమీ జరగలేదని మాత్రం నేను హామీ ఇవ్వలేను, ఏ పరీక్షా ఇవ్వలేదు. కానీ అతను చెప్పినది ఈ జబ్బు రావడానికి చాలు, దాన్ని కాదనే గుర్తు ఏదీ నాకు కనబడలేదు అన్నాను.

ఆమెకు కావలసింది ఓదార్పు కాదని, తూకం సరిగ్గా ఉన్న జవాబని నాకు అనిపించింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"నాకు చెప్పినవు. గదే మీ అమ్మకు చెప్పు. ఇప్పుడే."

లింగమ్మను లోపలికి పిలిచారు. సైదులు వివరాలు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "రోగం నాకెల్లి వచ్చిందే అమ్మా. పద్మది తప్పు లేదు" అని మాత్రం అన్నాడు. లింగమ్మ కొడుకు ముఖం వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగు సర్దుకుని, కొడుకును వదిలేసి కోడలి చేయి పట్టుకుంది.

"పా బిడ్డా. సూది ఏపిచ్చుకుందువు."

ముంజేతి మీద కొద్దిగా మందు ఎక్కించి పడుతుందో లేదో చూశాక పద్మకు మొదటి ఇంజెక్షన్ ఇచ్చాం. ఆమెకు ఎప్పుడు అంటిందో కచ్చితంగా తేలలేదు కనుక వారం వారం మూడు ఇవ్వాలని రాశాను. గర్భిణికి మధ్యలో జాగు జరిగితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. సైదులుకు ఒక్కసారి ఇస్తే సరిపోతుంది, అది అప్పుడే ఇచ్చేశాం. ఆ సాయంత్రం జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చని ముందే చెప్పాను. చచ్చే క్రిములు చేసే హడావిడి అది. కడుపు గట్టిపడ్డా, నొప్పులు వచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మన్నాను. ఇద్దరికీ మందు పూర్తయ్యేదాకా దూరంగా ఉండమని, హెచ్‌ఐవీ పరీక్ష మూడు నెలలకు మళ్ళీ చేయించుకోమని చెప్పాను.

పద్మ ఆ రోజు అత్తింటికి పోలేదు. అన్నకు ఫోన్ చేసి పానగల్ పోయింది. సూది వేయించుకోవడం ఒకటి, కాపురం ఇంకొకటి అన్నట్టుగా ఆమె రెండింటినీ వేరుచేసింది. మిగిలిన రెండు ఇంజెక్షన్లకు అన్నతో ఆటోలో వచ్చింది. సైదులు కూడా ఆ రెండు వారాలూ వచ్చి వరండాలో దూరంగా కూర్చున్నాడు. ఆమె అతనితో మాట్లాడలేదు, వెళ్ళిపొమ్మని కూడా అనలేదు. ఆదివారం పెద్దలు కూర్చోలేదు. అక్కరలేదని లింగమ్మే పోయి చెప్పిందట. కారణం చెప్పకుండా ఆపేసిందని సుజాతకు పద్మ చెప్పింది.

ఇక ఆ హైవే పక్కన ఉండే ఆమె. జబ్బు ఒకరిలో ఆపితే సరిపోదు, ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ కూడా ఆపాలి. సైదులుకు ఆమె పేరు తెలియదు, ఆగే చోటు మాత్రం చెప్పాడు. అతని పేరు రాకుండా ఆ చోటు సంగతి మాత్రం హైవే మీద తిరిగి పనిచేసే ఎయిడ్స్ నివారణ కార్యకర్తకు అందించాం. కొన్ని వారాల తర్వాత ఆమె వచ్చింది. నలభై దాటిన మనిషి. రేణుక అంటాను.

ఆమె సిగ్గుపడలేదు. పని గురించి మాట్లాడినట్టే మాట్లాడింది. ఎప్పుడో హెచ్‌ఐవీ మీటింగులో విన్నదట, నోటితోనైతే అంత ప్రమాదం లేదని. "గందుకే నేను గదే ఒప్పుకుంట మేడమ్. కడుపు గాదు, రోగం రాదు అనుకున్న" అన్నది. మీటింగులో చెప్పినవాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళు ఒక జబ్బు గురించి చెప్పారు. కొన్ని నెలల కింద పెదవి లోపల పుండు వచ్చి మానిందట. తంబాకు నమలడం వల్ల అనుకుందట. పరీక్షలో సిఫిలిస్ ఉందని తేలింది. ఇంజెక్షన్ ఇచ్చాం. గొంతు కూడా చూశాను. నోటితో చేసేటప్పుడు కూడా నిరోధ్ వాడాలని, నోట్లో పుండు ఉన్నప్పుడు, చిగుళ్ళలోంచి రక్తం వస్తున్నప్పుడు ఆ పని వద్దని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమని చెప్పాను.

దానికి నిరోధ్ అడిగితే ఎవరైనా పెట్టుకుంటారా అని ఆమె నన్ను తిరిగి అడిగింది. అడిగితే నవ్వి వేరే ఆమె దగ్గరికి పోతారని చెప్పింది. ఆ తర్వాత రెండేళ్ళ పాటు మూడు నెలలకోసారి క్రమం తప్పకుండా వచ్చింది. మళ్ళీ జబ్బు రాలేదు. కొందరు పెట్టుకుంటున్నారని ఒకసారి చెప్పింది. డ్రైవర్లు కూడా కొందరు అడపాదడపా మా గదికి రావడం మొదలుపెట్టారు. ఎవరు పంపారని మేము అడగం. ఒకతను మాత్రం తనంతట తానే చెప్పాడు, గొర్ల బండి సైదులు పంపాడని.

పద్మకు నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. బిడ్డ రక్తం పరీక్ష చేశాం. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు కొన్ని నెలలు బిడ్డలో ఉంటాయి కనుక ఒక్క పరీక్షతో తేలదు, తగ్గుతున్నాయా లేదా అని మళ్ళీ మళ్ళీ చూడాలి. చూస్తూ ఉంటే తగ్గి, చివరికి పూర్తిగా పోయాయి. బిడ్డకు జబ్బు లేదు. ఆఖరి పరీక్షకు బిడ్డను ఎత్తుకుని వచ్చింది లింగమ్మ. కోడలిని తీసుకురావడానికి పానగల్ తానే పోయానని, కొడుకును పంపలేదని చెప్పింది. పద్మ వెనకే వచ్చింది. సైదులు బయట బండి దగ్గర ఉన్నాడు. వాళ్ళ మధ్య ఎంత సర్దుకుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈ కేసు తర్వాత మా గదిలో ప్రశ్నల తీరు మారింది. సంబంధాలు ఉన్నాయా అని అడగడం మానలేదు, కానీ అక్కడితో ఆపడం మానేశాం. ఎవరితో అన్నదానితో పాటు దేనితో అని కూడా అడగడం నేర్చుకున్నాం. పుస్తకంలో ఉన్న ముఖరతి అన్న మాట ఎవరికీ తెలియదు కనుక, నోటితోని అనే అడిగేవాళ్ళం. మర్మాంగాలు చూసిన ప్రతి రోగికీ నోరు తెరిపించి చూసేవాళ్ళం. మా విభాగానికి శిక్షణకు వచ్చిన యువ డాక్టర్లకు కూడా నేను ఇదే చెప్పాను. సైదులు అబద్ధం చెప్పలేదు. అతనికి అర్థమైన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాడు. రోగి లేదు అన్నప్పుడు ఏ ప్రశ్నకు లేదన్నాడో తెలియకపోతే, ఆ జవాబు మీద వైద్యం చేయకూడదు.